ఫీజు రూపాయిలో చదువుకు దక్కేదెంత?

ఎకరం వరి వేసిన రైతును ఖర్చు లెక్క అడగండి. దమ్ముకెంత అయింది, ఊడ్పు కూలి ఎంత, ఎరువుకెంత, పురుగుమందుకెంత, కోతకెంత అని వేళ్ళమీద చెబుతాడు. రొయ్యల చెరువు పెట్టినవాడయితే మేత, మందులు, కరెంటు బిల్లు విడివిడిగా పుస్తకంలో రాసుకుంటాడు. అదే రైతు తన కొడుకునో కూతురునో కాలేజీలో చేర్చి ఏటా వేలకు వేలు కట్టి వస్తాడు. ఆ డబ్బులో పాఠం చెప్పే మాస్టారికి ఎంత పోతోంది, ప్రయోగశాలకు ఎంత, పుస్తకాలకు ఎంత అని అడిగితే మాత్రం ఆయన దగ్గర జవాబు వుండదు. రసీదు వుంటుంది, అంతే.

ఆయన అమాయకుడు కాబట్టి జవాబు లేదనుకోవడం పొరపాటు. ఆ లెక్క ఆయనకు ఎవరూ చెప్పలేదు. అడగవచ్చునని కూడా చెప్పలేదు. కాలేజీని మనం ఇంతవరకు గేటును బట్టి, భవనం ఎత్తును బట్టి, పత్రికల్లో వేసిన ర్యాంకుల ఫోటోలను బట్టి ఎంచుకుంటున్నాం. పిల్లవాడి చదువును నిలబెట్టేదీ పడగొట్టేదీ ఇవేవీ కావు. కట్టిన ప్రతి రూపాయిలోను తరగతి గదికి ఎంత చేరిందన్నదే అసలు సంగతి. ఆ లెక్క చూడకుండా కాలేజీని ఎంచుకోవడం, గిత్త పళ్ళు చూడకుండా సంతలో బేరమాడడం వంటిదే.

విరాళాలతో లేచిన కాలేజీలు

పశ్చిమ గోదావరి జిల్లాలో కాలేజీ చదువు మొదటినుంచీ ప్రజల డబ్బుతో పెరిగింది. ఏలూరులో సర్ సి.ఆర్.రెడ్డి కళాశాల, భీమవరంలో ఇప్పుడు డి.ఎన్.ఆర్. కళాశాలగా పేరున్న కళాశాల రెండూ 1945లోనే మొదలయ్యాయి. 2022 ఏప్రిల్‌లో ఏలూరు వేరే జిల్లా అయింది, భీమవరం మన జిల్లా కేంద్రమయింది. అయినా ఆ రెండు కాలేజీల వెనుకవున్న కథ ఒక్కటే. కలిగినవారు విరాళాలిచ్చారు, పెద్దలు పూనుకున్నారు, మన పిల్లలు పై చదువులకు దూరపు పట్నాలు పోనక్కర లేకుండా పోయింది. 1980లో భీమవరంలో ఎస్.ఆర్.కె.ఆర్. ఇంజనీరింగు కాలేజీ వచ్చింది. ఆ తరువాత రోడ్డు పక్కన పొలాల మధ్య కాలేజీ లేని పట్టణం లేదన్నంతగా అవి పెరిగాయి.

విరాళాల కాలంలో ఒక మంచి అలవాటు వుండేది. డబ్బు ఇచ్చినవాడు లెక్క అడిగేవాడు, తీసుకున్నవాడు చెప్పేవాడు. ఇప్పుడు విరాళం స్థానంలో ఫీజు వచ్చింది. అది విరాళం కంటే ఎన్నో రెట్లు పెద్ద మొత్తం. కాని లెక్క అడిగే అలవాటు పోయింది. ఊరి సహకార సంఘం మహాజన సభలో జమాఖర్చులు చదవకపోతే గొడవ చేస్తాం. కాలేజీకి వచ్చేసరికి నోరు మెదపం.

ఒక చిన్న లెక్క

వెయ్యిమంది విద్యార్థులున్న ఒక ఇంజనీరింగు కాలేజీని వూహించుకోండి. ఒక్కొక్కరి ఫీజు ఏడాదికి 50,000 రూపాయలనుకుందాం. మొత్తం 5 కోట్లు. సాంకేతిక విద్యకు నిబంధనలు పెట్టే ఎ.ఐ.సి.టి.ఇ. ప్రకారం ప్రతి 20 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు వుండాలి. అంటే 50 మంది కావాలి. ఏడవ వేతన సంఘం స్కేలులో కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనమే 57,700 రూపాయలు. సగటున నెలకు 60,000 చొప్పున ఇచ్చినా 50 మందికి ఏడాదికి 3 కోట్ల 60 లక్షలు అవుతుంది. ఫీజు రూపాయిలో 72 పైసలు పాఠం చెప్పేవారికే చేరిందన్నమాట. మిగిలిన 28 పైసల్లో ప్రయోగశాల, గ్రంథాలయం, కరెంటు, గుమాస్తాల జీతాలు సర్దుకోవాలి. కష్టమే.

అదే కాలేజీ నెలకు 25,000కే అధ్యాపకులను పెట్టుకుంటే? జీతాల ఖర్చు కోటి 50 లక్షలు. రూపాయిలో 30 పైసలు. మిగిలిన తేడా ఏడాదికి 2 కోట్ల 10 లక్షలు. ఈ డబ్బు ఎటు పోయిందనేదే మనం అడగవలసిన ప్రశ్న. కొత్త భవనానికి పోయిందా? అప్పు వడ్డీకి పోయిందా? ప్రకటనలకు, ఊరూరా తిరిగి పిల్లల్ని చేర్పించే ఏజెంట్ల కమిషన్లకు పోయిందా? యాజమాన్యం వేరే వ్యాపారానికి పోయిందా?

ఇది ఫలానా కాలేజీ లెక్క కాదు. లెక్క ఎలా చూడాలో తెలియడానికి వేసిన లెక్క. ఫీజు, విద్యార్థుల సంఖ్య, జీతం, ఈ మూడూ తెలిస్తే ఏ కాలేజీకయినా ఎవరి ఇంటి అరుగు మీదయినా ఈ కూడికలు, గుణింతాలు చేసుకోవచ్చు.

తక్కువ జీతానికి దొరికిన మాస్టారు ఏం చేస్తాడు? ఏడాది తిరక్కుండా మరో కాలేజీకో, సాఫ్ట్‌వేర్ కొలువుకో పోతాడు. విద్యా సంవత్సరం మధ్యలో పాఠం చెప్పేవాడు మారిపోతాడు. పిల్లవాడు సబ్జెక్టు తప్పుతాడు. ఇంట్లో మనం పిల్లవాణ్ణే తిడతాం. అంతకంటే అన్యాయమైన పద్ధతి ఇంకొకటి వుంది. అధ్యాపకుడు కాగితం మీద వుంటాడు, తరగతిలో వుండడు. 2024లో తమిళనాడులో అన్నా విశ్వవిద్యాలయం పరిధిలోని ఇంజనీరింగు కాలేజీల్లో ఒకే మనిషి పేరు అనేక కాలేజీల జాబితాల్లో కనిపించిందన్న విషయం బయటపడి పెద్ద అలజడి రేగింది. తనిఖీ రోజు కనిపించి మర్నాడు మాయమయ్యే మాస్టర్ల సంగతి మన పిల్లలకు కూడా తెలియనిదేమీ కాదు.

ఖర్చు చూపిస్తే ఫీజు పెరుగుతుంది

మన రాష్ట్రంలో వృత్తివిద్యా కాలేజీల ఫీజులు యాజమాన్యాల ఇష్టానికి వదిలేయలేదు. 2019లో చట్టం చేసి ఏర్పాటు చేసిన ఉన్నత విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్ కాలేజీల జమాఖర్చులు చూసి ఫీజును సిఫార్సు చేస్తుంది. అంతకుముందు ఈ పని ప్రవేశాల, ఫీజుల నియంత్రణ కమిటీ చేసేది. మూడేళ్ళకొకసారి ఫీజు నిర్ణయం జరుగుతుంది.

పద్ధతి మంచిదే. అయితే ఇందులో ఒక మెలిక వుంది. ఖర్చు ఎక్కువ చూపించిన కాలేజీకి ఫీజు పెంచమని అడిగే హక్కు వస్తుంది. పొదుపుగా నడిపి, తక్కువ ఫీజుకే మంచి చదువు చెప్పే కాలేజీ అక్కడే వుండిపోతుంది. కాబట్టి ఖర్చు ఎంత అనేదానికంటే, ఏ పద్దు కింద అన్నది గట్టిగా చూడాలి. అధ్యాపకుడి బ్యాంకు ఖాతాలో నిజంగా పడిన జీతం ఒక ఖర్చు. ముఖద్వారానికి పాలరాయి మరో ఖర్చు. రెండింటినీ ఒకే గాటన కట్టి సగటు తీస్తే పాలరాయి డబ్బు కూడా మన ఫీజులోనే చేరుతుంది.

ఆదాయపు పన్ను సంగతి కూడా ఇలాగే వుంది. కాలేజీలు నడిపే ట్రస్టులకు, సొసైటీలకు పన్ను మినహాయింపు వుంది. ఏటా వచ్చిన ఆదాయంలో 85 శాతం తమ ధర్మకార్యానికి ఖర్చు పెట్టాలన్నది షరతు. కాని ఆ ఖర్చులో కొత్త భవనమూ చేరుతుంది, మాస్టారి జీతమూ చేరుతుంది. పన్ను అధికారికి రెండూ ఒక్కటే. పిల్లవాడికి మాత్రం ఒక్కటి కాదు.

కోర్టులు ఏమన్నాయి?

కాలేజీ చదువు వ్యాపారమా, ధర్మమా అన్న వివాదం మన రాష్ట్రం పేరుమీదే సుప్రీంకోర్టుకు ఎక్కింది. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో ప్రతివాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. సీట్లను ఉచిత సీట్లు, డబ్బు కట్టే సీట్లు అని విడదీసింది ఆ తీర్పు. 2002లో టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్ కేసులో పదకొండుమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆ ఏర్పాటును పక్కన పెట్టి, ప్రైవేటు కాలేజీలు తమ ఫీజు తాము నిర్ణయించుకోవచ్చునన్నది. అయితే క్యాపిటేషన్ ఫీజు కూడదు, లాభాపేక్ష కూడదు, కాలేజీ అభివృద్ధికి అవసరమైన మిగులు మాత్రం వుండవచ్చునన్నది. 2003లో ఇస్లామిక్ అకాడమీ కేసులో మరొక అడుగు ముందుకు వేసి, ఆ మిగులును ఇతర పనులకు మళ్ళించరాదని, సొంత లాభానికో వేరే వ్యాపారానికో వాడరాదని చెప్పింది. ఫీజుల పరిశీలనకు విశ్రాంత న్యాయమూర్తి అధ్యక్షతన కమిటీలు వేయమన్నది కూడా ఆ తీర్పే.

ఇంకా దగ్గరి సంగతి చూడండి. 2017లో మన రాష్ట్రంలో ప్రైవేటు వైద్య కళాశాలల ఎం.బి.బి.ఎస్. ఫీజును ఏడాదికి 24 లక్షలు చేస్తూ ఉత్తర్వు వచ్చింది. అంతకుముందున్న దానికి అది ఏడు రెట్లు. ఆ ఉత్తర్వును హైకోర్టు కొట్టివేయగా, 2022 నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. చదువు లాభాలకోసం చేసే వ్యాపారం కాదని, ఫీజు ఎప్పుడూ భరించగలిగేలా వుండాలని చెప్పింది.

ఈ తీర్పులన్నింటి సారం ఒక్కటే. ఈ కాలేజీలో కట్టిన డబ్బు ఈ కాలేజీ పిల్లలకే ఖర్చు కావాలి. ఇక్కడి మిగులు పట్నంలో స్థలాల కొనుగోలుకు పోరాదు. చట్టం మన పక్షాన వుంది. వాడుకునేవారే తక్కువ.

బస్సు కూడా చదువు ఖర్చే

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. తరగతి గది బయట పెట్టే ప్రతి ఖర్చూ దండగ అనుకోకూడదు. లంక గ్రామాల నుంచి, కొల్లేరు పక్క ఊళ్ళ నుంచి వచ్చే ఆడపిల్లకు కాలేజీ బస్సు లేకపోతే చదువే లేదు. శుభ్రమైన మరుగుదొడ్డి లేకపోతే చాలామంది ఆడపిల్లలు మధ్యాహ్నానికే ఇంటికి వచ్చేస్తారు. కాపలా వున్న హాస్టలు లేకపోతే తల్లిదండ్రులు ఇంటరుతోనే ఆపించి సంబంధాలు చూస్తారు. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలకు మొదటి ఏడాది సాయంకాలం వేళ ఇంగ్లీషు నేర్పే మాస్టారిని పెట్టడం కూడా ఖర్చే. ఇవన్నీ నేరుగా విద్యార్థిని నిలబెట్టే ఖర్చులు. వీటిని తగ్గించమని ఎవరూ అనరాదు.

ఖర్చును తూచడానికి రాయి ఒక్కటే. ఈ డబ్బు పెట్టడం వల్ల పిల్లవాడు చదువులో నిలబడతాడా, లేక కాలేజీ పేరు మాత్రమే నిలబడుతుందా? బస్సు మొదటి కోవలోది. బస్సు వెనుక వేసిన నిలువెత్తు రంగుల బొమ్మ రెండవ కోవలోది.

కాలేజీలకు గ్రేడులిచ్చే న్యాక్ సంస్థ 1994లో ఏర్పడింది. మంచి వుద్దేశంతో వచ్చిన సంస్థే. కాని గ్రేడు కోసం చేసే ఖర్చు వేరు, చదువు కోసం చేసే ఖర్చు వేరు అయిపోయాయి. తనిఖీ బృందం వస్తుందంటే గోడలకు రంగులు, దారి పొడుగునా పూలకుండీలు. 2025 ఫిబ్రవరిలో మన రాష్ట్రంలోని ఒక విద్యాసంస్థకు మంచి గ్రేడు ఇవ్వడానికి లంచం తీసుకున్నారన్న ఆరోపణపై తనిఖీ బృంద సభ్యులను సి.బి.ఐ. అరెస్టు చేసింది. ఆ కేసులో నిజానిజాలు కోర్టులు తేలుస్తాయి. గ్రేడు ఒక్కదాన్నే చూసి పిల్లల్ని చేర్చడం ఎంత ప్రమాదమో మనం మాత్రం ఇప్పుడే గ్రహించాలి.

యాజమాన్యాల గోడు

యాజమాన్యాల మాట కూడా వినాలి. 2008లో వై.ఎస్.రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్సుమెంటును విస్తరించిన తరువాత వేలాది గ్రామీణ కుటుంబాల పిల్లలు కాలేజీ గడప ఎక్కారు. ఇంట్లో మొదటి ఇంజనీరు ఆ పథకంవల్లే తయారయిన ఇళ్ళు ప్రతి ఊళ్ళోను వున్నాయి. కాని ఆ సొమ్ము సకాలంలో రాదు. ప్రభుత్వాలు మారినా బకాయిల జబ్బు మారలేదు. కొన్నేళ్ళు తల్లుల ఖాతాల్లో వేశారు. తరువాత తిరిగి కాలేజీల ఖాతాలకే జమచేసే పద్ధతి వచ్చింది. దారి ఏదయినా ఆలస్యమైతే కాలేజీ అప్పు చేస్తుంది, లేదా మాస్టర్ల జీతాలు ఆపుతుంది, లేదా పరీక్ష హాలు టిక్కెట్టు ఆపి పిల్లవాణ్ణి పీడిస్తుంది. చివరకు వడ్డీ కట్టేది పిల్లవాడి చదువే.

కాబట్టి ప్రభుత్వం తాను ఇవ్వవలసింది సెమిస్టరు ముగిసేలోపు ఇవ్వాలి. అప్పుడే కాలేజీని నిలదీసే నైతిక హక్కు ప్రభుత్వానికి వుంటుంది. అయితే బకాయిలు వున్నాయన్న సాకుతో జీతాలు ఎగవేస్తూ, అదే ఏడాది కొత్త అంతస్తు లేపే యాజమాన్యాల గోడు మాత్రం నమ్మశక్యం కాదు. అంతస్తుకు దొరికిన డబ్బు జీతానికి ఎందుకు దొరకలేదని అడగాలి.

సర్కారు కాలేజీ సంగతి వేరు

ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో జబ్బు తిరగబడి వుంటుంది. అక్కడ పర్మనెంటు అధ్యాపకుడికి మంచి జీతం వుంది, అర్హత వుంది. కాని ఖాళీలు గెస్టు లెక్చరర్లతో నెట్టుకొస్తారు. బడ్జెటంతా జీతాలకే సరిపోయి, ప్రయోగశాలలో గాజు సామానుకు, రసాయనాలకు, గ్రంథాలయంలో కొత్త పుస్తకాలకు మిగిలేది స్వల్పం. జాతీయ ఆదాయంలో 6 శాతం విద్యకు పెట్టాలని కొఠారీ కమిషన్ 1966లో చెప్పింది. 2020 జాతీయ విద్యా విధానం మళ్ళీ అదే అంకె చెప్పింది. ఒకే అంకెను అర్ధ శతాబ్దం తరువాత మళ్ళీ చెప్పవలసి వచ్చిందంటేనే పరిస్థితి అర్థమవుతుంది.

ఎయిడెడ్ కాలేజీలు ఈ రెంటికీ మధ్యదారి. జీతం ప్రభుత్వం ఇచ్చేది, భవనం దాతలది, ఫీజు పేదవాడికి అందేంత. 2021లో ఎయిడెడ్ సంస్థలు తమ సిబ్బందినో ఆస్తులనో ప్రభుత్వానికి అప్పగించాలన్న విధానం వచ్చినప్పుడు విద్యార్థులు, తల్లిదండ్రులు అనేకచోట్ల రోడ్డెక్కారు. ఆ నవంబరులో ప్రభుత్వం మెత్తబడి, ఎయిడెడ్‌గానే కొనసాగే వీలు కూడా ఇచ్చింది. జీతాల పద్దు ఒక్కటి చేతులు మారితే పేదవాడి ఫీజు ఎంత మారుతుందో ఆ గొడవలో తల్లిదండ్రులు గ్రహించారు.

ఏమి అడగాలి? ఎక్కడ చూడాలి?

లెక్క చూడాలంటే పెద్ద చదువు అక్కరలేదు. సెల్‌ఫోను వాడే కుర్రవాడు ఇంట్లో వుంటే చాలు. సాంకేతిక కాలేజీలు తప్పనిసరిగా ప్రకటించవలసిన వివరాల్లో మూడేళ్ళ ఆడిట్ లెక్కలు కూడా వున్నాయి. కాలేజీ వెబ్‌సైటులో అవి వుండాలి. కేంద్రం ఇచ్చే ఎన్.ఐ.ఆర్.ఎఫ్. ర్యాంకులకు దరఖాస్తు పెట్టిన కాలేజీ అయితే, గ్రంథాలయానికి ఎంత, ప్రయోగశాల పరికరాలకు ఎంత, జీతాలకు ఎంత ఖర్చు పెట్టిందో పట్టికలో చెప్పాలి. ఆ పరికరాల పట్టికలో స్థలం, భవనం ఖర్చు కలపకూడదన్న నిబంధన కూడా వుంది. ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీల లెక్కలు 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తుతో అడగవచ్చు.

చేర్చే ముందు ప్రిన్సిపాలుగారిని మర్యాదగానే ఈ ఐదు ప్రశ్నలు అడగండి. మా పిల్లవాడి శాఖలో అధ్యాపకులు ఎంతమంది, అందులో మూడేళ్ళకు పైబడి ఇక్కడే పనిచేస్తున్నవారు ఎంతమంది? ఆఖరిసారి జీతాలు ఏ నెలవరకు ఇచ్చారు? నిరుడు ప్రయోగశాలకు, పుస్తకాలకు ఎంత కొన్నారు? ట్యూషను ఫీజు కాక వసూలు చేసే మొత్తాలు ఏమిటి, వాటికి రసీదు ఇస్తారా? నిరుటి ఆడిట్ లెక్క చూడవచ్చా? ఈ ప్రశ్నలకు కోపం తెచ్చుకునే కాలేజీలో పిల్లవాణ్ణి చేర్చే ముందు మరొకసారి ఆలోచించండి. చిరునవ్వుతో కాగితం తీసి చూపించే కాలేజీ, భవనం చిన్నదయినా, ముందు దాన్నే చూడండి.

కాలేజీలు చేయవలసింది కూడా పెద్ద పని కాదు. ప్రతి జూలైలో నోటీసు బోర్డుమీద ఒక్క పేజీ, తెలుగులో, అంటించాలి. నిరుడు వచ్చిన రూపాయిలో జీతాలకు ఇన్ని పైసలు, ప్రయోగశాలకు ఇన్ని, గ్రంథాలయానికి ఇన్ని, బస్సులకు ఇన్ని, వడ్డీకి ఇన్ని, ప్రకటనలకు ఇన్ని, మిగులు ఇంత. ఫీజు కమిషన్ ఈ పేజీని తప్పనిసరి చేస్తే చాలు, సగం రోగం కుదురుతుంది. నిజాయితీగా నడిపే యాజమాన్యాలకు దీనివల్ల నష్టం లేదు సరికదా, ఏజెంట్లకు పోసే డబ్బు మిగులుతుంది. మంచి కాలేజీకి ఆ కాగితమే ప్రకటన.

అరెకరం తాకట్టు పెట్టి కట్టిన ఫీజు అది. లేదా మనందరి పన్నుల నుంచి ప్రభుత్వం కట్టిన ఫీజు. రెండూ మన డబ్బే. అడగందే అమ్మయినా పెట్టదంటారు. లెక్క కూడా అడగందే ఎవరూ చెప్పరు. ఈ ఏడాది ప్రవేశాల రోజుల్లో ఊరికి పదిమంది తల్లిదండ్రులు కలిసి వెళ్ళి ఈ ఒక్క కాగితం అడిగితే, వచ్చే ఏడాదికి అది నోటీసు బోర్డుమీదికి ఎక్కుతుంది.